వైర్‌మ్యాన్ పర్మిట్ నుంచి కాంట్రాక్టర్ లైసెన్సు దాకా: ఏ కాగితం ఎప్పుడు, ఎలా

"అన్నా, లైసెన్సుకు ఎంతవుతుంది?"

పదేళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్న కుర్రాళ్లు కూడా నన్ను మొదట అడిగేది ఇదే. ఏ లైసెన్సు అని ఎదురు అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. కరెంటు పనికి మన దగ్గర ఒక కాగితం కాదు, మూడు ఉన్నాయి. వైరు పట్టుకుని పని చేసే మనిషికి వైర్‌మ్యాన్ పర్మిట్. ఆ పనిని దగ్గరుండి చూసే మనిషికి సూపర్‌వైజర్ కాంపిటెన్సీ సర్టిఫికెట్. పని ఒప్పుకుని, డబ్బు తీసుకుని, చివర సంతకం పెట్టే సంస్థకు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు. మొదటి రెండూ మనిషికి ఇచ్చేవి, మూడోది వ్యాపారానికి ఇచ్చేది. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం మంది తప్పు ఫారం నింపి తిరిగి వస్తారు.

ఈ లెక్క ఈనాటిది కాదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వది ఇదే మాట చెప్పింది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నియమావళి తెచ్చింది, 2023లో దాని స్థానంలో కొత్తది తెచ్చింది. నిబంధనల నంబర్లు మారాయి కానీ సారం మారలేదు. వినియోగదారుడి ఆవరణలో కొత్త వైరింగ్ అయినా, ఉన్నదానికి చేర్పులయినా, మార్పులయినా, మరమ్మతులయినా రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరే చేయాలి. కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్నవారు దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్నవారి చేతులే పని చేయాలి.

మరి ఫ్యాను మార్చడానికి కూడా లైసెన్సు కావాలా? అక్కర్లేదు. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఇంట్లో వాడే సామాన్లు పాతవి తీసి అదే సామర్థ్యం ఉన్న కొత్తవి పెట్టడానికి మినహాయింపు ఉంది. షరతు ఒక్కటే: దానివల్ల వైరింగ్ సామర్థ్యం గానీ స్వభావం గానీ మారకూడదు. హాల్లో ఫ్యాను తీసి కొత్త ఫ్యాను పెట్టడం మినహాయింపులోకి వస్తుంది. పడకగదిలో ఫోను ఛార్జింగు కోసం పెట్టిన 6 ఆంపియర్ల పాయింటు నుంచి తీగ లాగి ఏసీకి ఇవ్వడం రాదు. ఊళ్లలో ఎక్కువగా జరిగేది మాత్రం ఈ రెండోదే.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకోండి

సబ్‌స్టేషన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి దగ్గరికి వెళ్లి లైసెన్సు అడిగేవారు ఇంకా ఉన్నారు. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, లైసెన్సు ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ డిస్కంలు చేసేది కరెంటు సరఫరా. పర్మిట్లు, సర్టిఫికెట్లు, లైసెన్సులు ఇచ్చేది చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆధ్వర్యంలోని ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. అది రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ తనిఖీ శాఖకు చెందినది. 2014 జూన్ 2 తరువాత రెండు రాష్ట్రాలకూ వేరువేరు బోర్డులు. మీరు ఏ రాష్ట్రంలో పని చేయదలచుకున్నారో ఆ బోర్డుకే దరఖాస్తు చేయండి.

లైన్‌మ్యాన్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. స్తంభం మీద నుంచి మీటరు దాకా ఉన్నది డిస్కం బాధ్యత, మీటరు దాటాక ఉన్నది ఇంటి యజమాని బాధ్యత. లైన్‌మ్యాన్ ఎంత అనుభవజ్ఞుడైనా సెలవు రోజున వచ్చి మీ ఇంటి వైరింగ్ చేసినంత మాత్రాన అది లైసెన్సు ఉన్న పని అయిపోదు.

ఫారం తెరిచే ముందు ఓల్టేజీ పేర్లు ఒంటబట్టించుకోండి, సర్టిఫికెట్లు వీటి ప్రకారమే ఇస్తారు. పాత 1956 నిబంధనల వర్గీకరణలో 250 ఓల్టుల దాకా లో ఓల్టేజీ, 650 దాకా మీడియం, 33 కిలోఓల్టుల దాకా హై, ఆపైన ఎక్స్‌ట్రా హై. డిస్కం వాళ్లు వాడే ఎల్‌టీ (లో టెన్షన్), హెచ్‌టీ (హై టెన్షన్) అనే మాటలు వేరు. ఎల్‌టీ అంటే ఈ లెక్కలో లో, మీడియం రెండూ. ఇంట్లో సింగిల్ ఫేజు 230 ఓల్టులు లో, అపార్టుమెంటు లిఫ్టుకు వచ్చే మూడు ఫేజుల 415 ఓల్టులు మీడియం. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోవాలంటే హై ఓల్టేజీకి అర్హత ఉండాలి. మీడియం సర్టిఫికెట్‌తో హెచ్‌టీ పని ఒప్పుకున్నవారు బిల్లుల దగ్గర ఇరుక్కోవడం నేను కళ్లారా చూశాను.

చదువు, అనుభవం, పేరు

ఐటీఐలో రెండు ట్రేడులు ఈ దారిలోకి తెస్తాయి. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి గణితం, సైన్సులతో పాసై ఉండాలి, వైర్‌మ్యాన్ ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలు. రెండూ రెండేళ్లవి. తరువాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా కర్మాగారంలో గానీ, విద్యుత్ సంస్థలో గానీ అప్రెంటిస్‌షిప్ చేసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ ఏడాది మీ అనుభవం లెక్కలో పనికొస్తుంది. నా సలహా అడిగితే, అప్రెంటిస్‌షిప్ స్టైపెండు తక్కువని మానేయకండి. బయట రోజుకూలీలో రెండేళ్లు చేసినా రాని కాగితం అక్కడ ఒక ఏడాదిలో వస్తుంది.

ఐటీఐ లేకుండా మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవారికీ దారి ఉంది, అనుభవం చూపించి పరీక్ష రాయడం. ఎన్నేళ్లు చూపాలి, ఏ తరగతి చదివి ఉండాలి అనేవి బోర్డు ఆ ఏడాది ఇచ్చే నోటిఫికేషన్‌లో ఉంటాయి. పాత నోటిఫికేషన్ ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంటే దాన్ని నమ్మి ఫీజు కట్టకండి. వయసు 18 నిండి ఉండాలి.

అసలు చిక్కు అనుభవ పత్రం దగ్గర వస్తుంది. "ఫలానా వ్యక్తి నా దగ్గర అయిదేళ్లు పని చేశాడు, మంచివాడు" అని రాసి ఇస్తే అది ఎవరికీ పనికిరాదు. అందులో నాలుగు సంగతులు తప్పక ఉండాలి: ఇచ్చిన కాంట్రాక్టరు లైసెన్సు నంబరు, మీరు చేరిన తేదీ, మానిన తేదీ, ఏ ఓల్టేజీలో ఏ పని చేశారు. ఆ లైసెన్సు మీరు పని చేసిన కాలంలో చెల్లుబాటులో ఉందో లేదో కూడా చూసుకోండి. రెన్యువల్ లేని మేస్త్రీ దగ్గర చేసిన మూడేళ్లు కాగితం మీద సున్నా అవుతాయి. అందుకే పని నేర్చుకోవడానికి చేరిన రోజే మేస్త్రీని, "బాబాయ్, మీ లైసెన్సు ఎప్పటి దాకా ఉంది?" అని అడగడం తప్పేమీ కాదు. కోపం వచ్చినా సరే అడగండి. మానేటప్పుడు పత్రం తీసుకునే రండి, అయిదేళ్ల తరువాత వెళితే ఆయన ఉంటాడో, ఊరు మారతాడో.

ఇంకొకటి, మన ఇంటిపేర్ల గొడవ. పదో తరగతి మెమోలో "కొండపల్లి వెంకట రమణ", ఆధార్‌లో "కె. వెంకటరమణ", ఐటీఐ సర్టిఫికెట్‌లో "వెంకట రమణ కొండపల్లి" అని ఉంటే చూసే గుమాస్తాకు ముగ్గురు మనుషులు కనబడతారు. పదో తరగతి మెమోనే ప్రమాణంగా పెట్టుకుని, మిగతావన్నీ దానికి సరిపోయేలా ముందే సరిచేయించుకోండి. దరఖాస్తు పెట్టాక మొదలుపెడితే పరీక్ష తేదీ దాటిపోతుంది.

వైర్‌మ్యాన్ పరీక్ష: చేతికి, నోటికి కూడా

రాత పరీక్షలో వచ్చేవి ఐటీఐ పుస్తకంలోని మొదటి పాఠాలే: ఓమ్ సూత్రం, సిరీస్, ప్యారలల్, వాట్ల నుంచి ఆంపియర్లు కట్టడం, లోడుకు తగిన ఫ్యూజు, వైరు మందం, ఎర్తింగ్. పని బాగా వచ్చినవారు తప్పేది లెక్కల్లో. 2 కిలోవాట్ల గీజరు 230 ఓల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుందని కాగితం మీద చేసి చూపించాలి. "మేం ఎప్పుడూ 16 ఆంపియర్ల సాకెట్టే పెడతాం సార్" అంటే మార్కు రాదు.

చేతిపని పరీక్ష మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మెట్ల దగ్గర లైటు, కింద ఒక స్విచ్చు, పైన ఒకటి. టూవే స్విచ్చుల వైరింగ్ ఇది, ప్రతి ఐటీఐలోనూ నేర్పుతారు. పరీక్ష గదిలో చెక్క బోర్డు మీద చేయమంటే చేతులు వణుకుతాయి. కొత్తవారు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: ఫేజును మొదటి స్విచ్చు కామన్‌కు బదులు పక్క పిన్నుకు ఇస్తారు. అప్పుడు రెండో స్విచ్చు ఒక స్థితిలో ఉంటేనే మొదటిది పని చేస్తుంది. బోర్డు మీద చూడడానికి లైటు వెలుగుతుంది, పరీక్షకుడు పైనా కిందా రెండు స్విచ్చులనూ నాలుగు రకాలుగా మార్చి చూస్తాడు, అక్కడ దొరికిపోతారు. మీరే ముందు ఆ నాలుగు స్థితులూ నొక్కి చూసుకుని పక్కకు జరగండి.

నోటి ప్రశ్నలకూ సిద్ధంగా ఉండండి. స్విచ్చు ఫేజులోనే ఎందుకు పెట్టాలి? న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు ఎందుకు పెట్టకూడదు? న్యూట్రల్ ఫ్యూజు కొట్టేస్తే లైటు ఆరిపోతుంది, కరెంటు పోయిందనుకుని మనిషి హోల్డరులో వేలు పెడతాడు, అక్కడ ఫేజు బతికే ఉంటుంది. మూడు ఫేజుల మోటారు బాడీకి ఎర్తు ఎన్ని చోట్ల ఇవ్వాలి? రెండు, అదీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా. షాకు తగిలిన మనిషిని మొదట ఏం చేయాలి? ఈ చివరి ప్రశ్నకు "ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అని చెప్పేవారే ఎక్కువ. ముందు సరఫరా ఆపాలి. అది కుదరకపోతే ఎండిన కర్రతో మనిషిని తప్పించాలి. శ్వాస చూడాలి. ఆ తరువాతే ఆస్పత్రి.

ప్రాక్టికల్‌కు సొంత పనిముట్లు తీసుకెళ్లండి. చేతికి అలవాటైన కటింగ్ ప్లయర్ వేరు, అక్కడ ఇచ్చేది వేరు.

సూపర్‌వైజర్ సర్టిఫికెట్

ఇక్కడ రెండు తలుపులు. ఎలక్ట్రికల్ డిప్లొమా గానీ ఇంజినీరింగ్ డిగ్రీ గానీ ఉండి, తగిన అనుభవం చూపినవారు ఒక తలుపు గుండా వస్తారు. పర్మిట్ సంపాదించి, ఏళ్ల తరబడి పని చేసి, పరీక్ష రాసినవారు రెండో తలుపు గుండా. డిగ్రీ ఉంది కదా అని మొదటివారు పరీక్షల పుస్తకం తెరవకుండానే సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే టెస్టరు) పట్టుకోవడం రాని సూపర్‌వైజర్లను నేను ఈ తలుపు గుండా వచ్చినవారిలోనే చూశాను, వైర్‌మ్యాన్‌గా మొదలైనవారిలో చూడలేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే, డిప్లొమావారు కోపగించుకోవద్దు.

దరఖాస్తులో ఏ ఓల్టేజీ వరకు కావాలో స్పష్టంగా రాయండి. మీడియంకు పెట్టి తరువాత హై ఓల్టేజీకి ఎక్కించుకోవచ్చు, దానికి ఆ ఓల్టేజీలో పని చేసిన అనుభవం మళ్లీ చూపాలి. మీరు హెచ్‌టీ వినియోగదారుల దగ్గర, అంటే రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఆస్పత్రుల సబ్‌స్టేషన్లలో ఉద్యోగం చేస్తుంటే ఆ అనుభవ పత్రం యాజమాన్యం లెటర్‌హెడ్ మీద, సర్వీసు నంబరుతో సహా తీసుకోండి.

కాంట్రాక్టర్ లైసెన్సు

ఇప్పటిదాకా మీ గురించి అడిగారు, ఇక మీ సంస్థ గురించి అడుగుతారు. సొంత సంస్థా, భాగస్వామ్యమా, కంపెనీయా? భాగస్వామ్యమైతే దస్తావేజు. చిరునామాకు రుజువు. ఆర్థిక స్తోమతకు రుజువు. జీతం మీద ఉన్న సూపర్‌వైజరు, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్లు, వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు, మీ దగ్గర పని చేస్తున్నట్టు అంగీకార పత్రాలు. ఇన్సులేషన్ టెస్టరు, ఎర్త్ టెస్టరు, క్లాంప్ మీటరు వంటి పరికరాలు, వాటి బిల్లులు. లైసెన్సులో గ్రేడులు ఉంటాయి. మీరు ఏ ఓల్టేజీ దాకా, ఎంత పెద్ద పని చేయవచ్చు అనేది గ్రేడును బట్టి ఉంటుంది. అవసరమైన సిబ్బంది, పరికరాలు, ఫీజు కూడా అలాగే మారతాయి. ఇళ్లు, దుకాణాల వైరింగ్‌తో మొదలుపెట్టేవారు పెద్ద గ్రేడు కోసం ఆశపడి మొదటి ఏడాదే ఇద్దరు సూపర్‌వైజర్లకు జీతాలు మోయవద్దు.

మెగ్గర్ పక్క ఊరి నుంచి అరువు తెచ్చి, తనిఖీ రోజున బల్ల మీద పెట్టి, సాయంత్రానికి తిరిగి పంపేసే పద్ధతి ఒకటి ఉంది. పట్టుబడితే దరఖాస్తు పోతుంది. పట్టుబడకపోతే అంతకన్నా పెద్ద నష్టం, టెస్టు చేయకుండానే టెస్టు రిపోర్టు మీద సంతకం పెట్టడం అలవాటవుతుంది. నాలుగు వేల రూపాయలో, ఆరు వేలో పెట్టి సొంతది కొనండి, క్యాలిబ్రేషన్ చేయించి ఆ కాగితం దాచండి.

అదే సమయంలో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, దానికి ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. డబ్బు అడిగే వెబ్‌సైటు దొరికిందంటే అది దళారిది. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పదు. సిబ్బంది 10 మంది అయితే ఈఎస్‌ఐ, 20 మంది అయితే పీఎఫ్ వస్తాయి. డిస్కం లైన్ల పనులు, ప్రభుత్వ టెండర్లు కావాలంటే ఈ లైసెన్సు మీద మళ్లీ ఆయా సంస్థలో కాంట్రాక్టరుగా నమోదు చేసుకోవాలి. లైసెన్సు ఉంటే టెండరు అర్హత దానంతట అదే రాదు.

టెస్టు రిపోర్టు మీద సంతకం

కొత్త సర్వీసు కోసం డిస్కంకు దరఖాస్తు పెట్టేటప్పుడు వైరింగ్ పూర్తయిందనీ, పరీక్షించామనీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ధ్రువీకరించాలి. దీన్నే టెస్టు రిపోర్టు అంటారు. ఒక పేజీ కాగితం. కొందరు కాంట్రాక్టర్లు దాన్ని పుస్తకాలుగా ముద్రించి, సంతకాలు పెట్టి, ఇంత అని ధర పెట్టి అమ్ముతారు. ఇల్లు ఎక్కడుందో కూడా తెలియదు. మీరు లైసెన్సు తీసుకున్న వారం లోపే ఎవరో ఒకరు వచ్చి, "మీరు రానక్కర్లేదు గురువు గారూ, సంతకం పెట్టండి చాలు" అంటారు. పెట్టకండి. ఆ ఇంట్లో షాకుతో మనిషి పోతే పోలీసులు మొదట అడిగేది ఆ కాగితమే. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత భారత శిక్షాస్మృతిలో రెండేళ్ల దాకా ఉన్న శిక్ష, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అయిదేళ్ల దాకా పెరిగింది.

సంతకానికి ముందు చేయాల్సిన పని గంటన్నర కూడా పట్టదు. ఒకసారి ఎలా జరిగిందో చెబుతాను. పల్లెలో కొత్తగా కట్టిన రెండంతస్తుల ఇల్లు, గృహప్రవేశానికి అయిదు రోజులుంది. మా కుర్రాళ్ల వైరింగే. మెయిన్ స్విచ్చు ఆపి, బల్బులన్నీ తీయించి, ఫ్యాను రెగ్యులేటర్లు విప్పించి, స్విచ్చులన్నీ ఆన్‌లో పెట్టించాను. ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి మరిచిపోయినా 500 ఓల్టుల టెస్టులో దాని డ్రైవరు దెబ్బతినవచ్చు, అందుకే గదిగదికీ నేనే తిరిగి చూస్తాను. ఫేజు, న్యూట్రల్ కలిపి ఒక కొసకు, ఎర్తు ఇంకో కొసకు. మెగ్గర్ 500 ఓల్టులు, ఒక నిమిషం. కనీసం 1 మెగాఓం ఉండాలి, అది నిబంధన. కొత్త ఇంట్లో పది, ఇరవై చూపిస్తే నాకు తృప్తి. ఆ ఇంట్లో ముల్లు 0.2 దగ్గర ఆగింది.

ఇంటి యజమాని, "తడి గోడలు కదండీ, ఎండితే సరిపోతుంది" అన్నాడు. మా కుర్రాడు కూడా తలూపాడు. డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర ఒక్కొక్క సర్క్యూటూ విడదీసి మళ్లీ చూశాం. హాలు బాగుంది, పడకగదులు బాగున్నాయి, వంటిల్లు మాత్రం సున్నాకు దగ్గర్లో ఉంది. వంటింట్లో సాకెట్టు పెట్టెలు తెరిచాం, పొడిగా ఉన్నాయి. చివరికి అటక తలుపు దగ్గర దొరికింది. కార్పెంటరు చట్రాన్ని గోడకు బిగించిన స్క్రూ సరిగ్గా పైపు మీదుగా దిగి, ఫేజు వైరు తొడుగును చీరింది. చుట్టూ తడి సిమెంటు. తలుపు పిడి ఇనుముది. ఆ కోణంలో స్క్రూ ఇంకాస్త లోతుగా దిగి ఉంటే, అటకలో బియ్యం బస్తా దించే ఇల్లాలి చేతికి మొదట తెలిసేది. తడి గోడ ఎండితే మెగ్గర్ మంచి అంకెలే చూపేది, స్క్రూ మాత్రం అక్కడే ఉండేది.

అందుకే అంకె తక్కువ వస్తే కారణం కనబడేదాకా సంతకం లేదు. ఎర్తు నిరోధం కూడా కొలిచి రాయండి, ఇంటికి నేను 5 ఓంలు దాటనివ్వను. పైపు ఎర్తింగ్ అయితే పైపు పొడవు కనీసం రెండున్నర మీటర్లు ఉండాలి, సగం కోసి పాతేసిన పైపులు మన ఊళ్లలో బోలెడు. ఆపైన ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్ల లోపు లీకేజీకే ట్రిప్ కావాలని నిబంధన. టెస్టు బటన్ నొక్కి చూపించి, నెలకోసారి నొక్కమని ఇంటివారికి చెప్పి రండి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసి నేరుగా కలిపేసిన ఎలక్ట్రీషియన్లను గురించి ఏమనాలో నాకు తెలియదు.

కొలిచిన అంకెలు, తేదీ, సర్క్యూటు పేరు ఒక పుస్తకంలో రాసి, ఇంటివారి సంతకం తీసుకోండి. టెస్టు రిపోర్టు నకలు మీ దగ్గర ఉండాలి.

ఇన్‌స్పెక్టరు రావలసిన చోట్లు

అన్ని పనులూ కాంట్రాక్టరు సంతకంతో ముగియవు. 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలు, హెచ్‌టీ సర్వీసులు, ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద జనరేటర్లకు విద్యుత్ తనిఖీ శాఖ అనుమతి కావాలి. ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లు చేసేవారు 2003 చట్టం 54వ సెక్షన్ గుర్తుంచుకోండి. మామూలుగా 100 మంది, అంతకు మించి చేరే చోట కరెంటు వాడడం మొదలుపెట్టే ముందు కనీసం ఏడు రోజుల నోటీసు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు, జిల్లా మెజిస్ట్రేటుకు గానీ పోలీసు కమిషనరుకు గానీ రాతపూర్వకంగా ఇవ్వాలి. కర్మాగారాలకూ ఇంతే. ముహూర్తం పెట్టుకుని చివరి రోజు పరిగెత్తే యజమానులకు ఈ ఏడు రోజుల సంగతి పని ఒప్పుకున్న రోజే చెప్పండి.

ప్రమాదం జరిగితే దాచడం ఇంకా పెద్ద ప్రమాదం. మనిషి గానీ పశువు గానీ చనిపోతే తెలిసిన 24 గంటల్లోపు ఇన్‌స్పెక్టరుకు సమాచారం వెళ్లాలి, గాయమే అయినా 48 గంటల్లోపు రాతపూర్వకంగా తెలపాలి. ఈలోగా తీగలు సర్ది, స్విచ్చులు మార్చి సాక్ష్యం చెరపవద్దు.

రాష్ట్రం దాటినా, దేశం దాటినా

పర్మిట్ "రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినదైనా గుర్తించినదైనా" అని నిబంధన. అంటే తెలంగాణ పర్మిట్‌తో బెంగళూరులో పని చేయాలంటే కర్ణాటక గుర్తింపు అడగాలి. పేర్లూ మారతాయి. తమిళనాడులో కాంట్రాక్టరు లైసెన్సులను ఈఎస్ఏ, ఈఏ, ఈఎస్‌బీ, ఈబీ అంటారు. చెన్నైలో మనవాళ్లు మొదటి నెల ఈ అక్షరాల దగ్గరే తికమకపడతారు.

గల్ఫ్‌కు వెళ్లే నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ కుర్రాళ్లకు ఒక మాట. ఇక్కడి పర్మిట్ అక్కడ లైసెన్సు కాదు, అయినా పనికొస్తుంది, అనుభవానికి ప్రభుత్వ ముద్ర అది. సౌదీకి ఎలక్ట్రీషియన్ వీసా మీద వెళ్లేవారు ఇక్కడే నైపుణ్య పరీక్ష రాయాలి, తకామోల్ పరీక్ష అని ఏజెంట్లు చెప్పేది దాన్నే. ఐటీఐ సర్టిఫికెట్‌కు ధ్రువీకరణలు ముందే చేయించుకోండి. పదో తరగతి పాసైనవారికి పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని హోదా వస్తుంది, వైర్‌మ్యాన్ ట్రేడుకు ఎనిమిది చాలు కదా అని పది ఆపేసినవారు ఇక్కడ వెనకపడతారు. ఏజెంటును నమ్మే ముందు విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ఉన్నాయని గుర్తుంచుకోండి.

రెన్యువల్, మానేసిన సూపర్‌వైజరు

మూడు కాగితాలకూ గడువు ఉంది. గడువు దాటితే అపరాధ రుసుము, ఇంకా ఆలస్యమైతే మొదటి నుంచి మొదలు. గడువుకు రెండు నెలల ముందు తేదీని ఫోనులో పెట్టుకోండి.

అంతకన్నా తరచుగా దెబ్బతీసేది సూపర్‌వైజరు మానేయడం. ఆయన సర్టిఫికెట్ మీదే మీ లైసెన్సు నిలబడి ఉంది. ఆయన వెళ్లిన రోజే బోర్డుకు తెలియజేసి, కొత్తవారిని పెట్టి, వారి పేరు ఎక్కించుకునేదాకా కొత్త పని ఒప్పుకోకండి. ఒక సూపర్‌వైజరు పేరు ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర కనబడితే ఇద్దరి లైసెన్సులకూ చిక్కే. నా మటుకు నేను పదేళ్ల కిందట మా దగ్గర వైర్‌మ్యాన్‌గా చేరిన కుర్రాడిని పరీక్ష రాయించి సూపర్‌వైజరును చేసుకున్నాను. ఫీజు నేనే కట్టాను, సెలవులూ ఇచ్చాను. బయటి మనిషిని జీతం పెంచి తెచ్చుకోవడం కన్నా అదే చవక పడింది.